పడకపై పూచిన చెట్టు

మన పేటకు చూలై అని పేరు. తమిళమున చూలై యనగా ఆవము. నేటి వాడుకలో బట్టీ. ఇటుకల బట్టీలో పనిచేయు వారి నెవ్వరినైనను అడిగి చూడుడు. మట్టి త్రొక్కుట, అచ్చు వేయుట, కాల్చుట అను మూడు పనులకు నడుమ మరియొక పని కలదని వారు చెప్పుదురు. అది ఆరబెట్టుట. అచ్చునుండి తీసిన పచ్చి యిటుకను ఆరనీయక నిప్పులో పెట్టినచో పగిలిపోవును. ఆరుచున్న యిటుక చూచువారికి ఊరక పడియున్నట్లే కనబడును; కాని రాబోవు మంటకు అది ఓర్చుకొనునా, ఓర్చుకొనదా యనునది ఆ దినములలోనే నిర్ణయమగును.

ఈ చిన్న మాటను మనస్సునం దుంచుకొని, ఇటుకకంటె మిక్కిలి సుకుమారమైన యొక వస్తువును గూర్చి యిచ్చట ముచ్చటింప దలచితిమి. అది నూలుగుడ్డపై వ్రాసిన చెట్టు. పదునెనిమిదవ శతాబ్దిలో మన తూర్పు తీరమున, మచిలీపట్టణపు సీమ మొదలుకొని చెన్నపట్టణము దాటి దక్షిణమువరకు, చిత్రకారులు ఈ చెట్టును వ్రాయగా వర్తకులు ఓడల కెక్కించి దూరదేశములకు పంపిరి. నాటి గుడ్డలు కొన్ని నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమునందును, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునందును పదిలముగ నున్నవి. ఆ చిత్రమునకు లోకమున 'జీవవృక్షము' అను పేరు స్థిరపడినది. విశ్రాంతిని, మరల చిగురించుటను ఇంత చక్కగ చెప్పిన చిత్రము మన తీరమున మరియొకటి లేదని మా తలంపు. అట్లనుటకు కారణము చెట్టు రూపము మాత్రమే కాదు. దానిని వ్రాసిన విధము కూడ.

చిత్రము

ముందుగ ఆ చిత్రమును కన్నులకు కట్టుకొందము. నిలువున ఇంచుమించు మూడు గజములు, అడ్డమున రెండు గజములకు మించిన తెల్లని నూలుగుడ్డ. అడుగుభాగమున చేపపొలుసులవలె ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న రాళ్ళగుట్ట. ఆ గుట్టనుండి ఒక చెట్టు లేచును. దాని మ్రాను తిన్నగ నుండదు. ఏటిపాయవలె ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు వంగుచు పైకి సాగును. కొమ్మలు గుడ్డ నంతటిని ఆవరించును. ఒక కొమ్మకు పూచిన పూవు వేరొక కొమ్మకు పూయదు. తామరను పోలిన దొకటి, దానిమ్మపూవును పోలిన దొకటి, ఏ తోటలోను కానరాని దింకొకటి. మొగ్గలు, విరిసిన పూలు, కొన్ని గుడ్డలయందు పండ్లును ఒకే చెట్టున కలిసి యుండును. కొన్నిటియందు కొమ్మలపై పక్షులు, గుట్టచెంత జింకలు కానవచ్చును. నాలుగంచులయందును పూలతీగెల పట్టీ తిరిగి యుండును.

లోకములో ఇట్టి చెట్టు లేదు. ఒక ఋతువున చిగుర్చవలసినది, వేరొక ఋతువున పూయవలసినది, మరియొక ఋతువున పండవలసినది ఇందు ఒక్కసారిగ జరుగుచున్నవి. శిశిరము దీనిని తాకినట్లు కనబడదు. రాతిగుట్టపై వేళ్ళూనిన చెట్టు ఇంత పూచుట వింతయే. కాని మన పెద్దలు కష్టము తీరినవానిని చూచి మోడు చిగిర్చినదని అనెడివారు కదా! ఆ మాటకు రూపము కట్టినట్లున్నది ఈ చిత్రము.

ఇది గోడకు తగిలించుటకు మాత్రమే వ్రాసినది కాదు. ముఖ్యముగ పడకపై పరచుటకు వ్రాసినది. ఆంగ్లేయులు దీనిని పలంపోర్ అని పిలిచిరి. ఆ మాట పలంగుపోషు అను హిందుస్తానీ మాటనుండి పుట్టినది. పలంగు అనగా మంచము. పోషు అనగా కప్పునది. అనగా ఇది మంచపు దుప్పటి. పగలెల్ల పాటుపడి అలసినవాడు ఈ చెట్టుక్రింద నిద్రించి, తెల్లవారి దీనిని తొలగించి లేచెడివాడు. ఎండలో నడచివచ్చిన బాటసారి మఱ్ఱినీడకు చేరుట మన దేశమున ఎల్లరెఱిగిన సుఖము. ఆ నీడను మడతపెట్టి ఇంటిలో దాచుకొనవచ్చునని మన చిత్రకారులు చూపిరి.

ఈ చెట్టు ఒక్క దేశపు విత్తునుండి మొలచినది కాదు. దీని రాళ్ళగుట్టలో చీనా చిత్రముల పోలిక కలదు. పూలలో పారశీకపు తోటల పోలిక కలదు. కొమ్మల విరుపులో ఇంగ్లండు కుట్టుపనుల పోలికయు కలదు. తెల్లని నేలకూడ కొంతవరకు కొనువారి కోరికయే. ఎఱ్ఱని నేలగల దుప్పట్లు అందరికి నచ్చుట లేదనియు, తెల్లని నేలమీద రంగుల కొమ్మలు, పూలు వ్రాయించి పంపవలసినదనియు 1643లోనే లండనునుండి తూర్పు ఇండియా కుంపిణీ అధికారులు సూరతులోని తమవారికి వ్రాసిరి. అయినను కోరిక ఒకరిదైనంత మాత్రమున చేయి వారిది కాదు. నలుదిక్కులనుండి వచ్చిన కొమ్మలను ఒకే మ్రానుకు అంటుగట్టినవారు మన తీరమందలి చిత్రకారులే.

మన పేటల చరిత్రలో

ఈ పనికిని మన పరిసరములకును సంబంధము లేకపోలేదు. చూలైకి దక్షిణముగ కూవము నది కావలి గట్టున చింతాద్రిపేట కలదు. ఇచ్చటనుండి నడచి పోదగిన దూరమే. 1734లో చెన్నపట్టణపు గవర్నరు జార్జి మోర్టన్ పిట్ ఆ పేటను నెలకొల్పెను. అంతకు మునుపది కుంపిణీకి ప్రధాన వర్తకుడుగ నుండిన సుంకురామ యను వానికి చెందిన తోట. కుంపిణీకి కావలసిన గుడ్డలు చేరువనే సిద్ధమగుటకై నూలు వడకువారిని, నేతవారిని, చాకలివారిని, అద్దకపువారిని, చిత్రకారులను అచ్చట కుదిర్చిరి. చిన్న తఱి పేట, అనగా చిన్నమగ్గముల పేట, యను మాటయే చింతాద్రిపేట యైనదని చెప్పుదురు. నాటి కుంపిణీ లెక్కలలో చిత్రకారుడన్నచో కాగితముపై బొమ్మలు వ్రాయువాడు కాడు. గుడ్డపై రంగులు వ్రాయువాడు. అటులే గుడ్డలను ఉతికి తెల్లపరచు వారు నివసించిన చోటు నేటికిని వాషర్‌మన్‌పేట యను పేరున మన పట్టణమున ఉత్తరభాగమున నున్నది. ఆ పేటల గుండ మనము బస్సులో పోవుదుము. పేరులలో దాగిన పనులను తలచుకొనుట అరుదు.

ఆ కాలపు పని యెట్లు జరిగెడిదో మనకు తెలియుటకు ఇద్దరు ఫ్రెంచివారు కారకులైరి. అందొకడు నౌకాధికారి యైన బోల్యూ. ఇతడు 1734 ప్రాంతమున పుదుచ్చేరిలో ఒక చిత్రకారునిచేత పని చేయించి, దశ మారినపుడెల్ల ఒక గుడ్డముక్కను కత్తిరించి, చూచినదానిని వ్రాసిపెట్టెను. రెండవవాడు జెసూటు మతగురువు గాస్టన్ లోరాన్ కోర్దూ. ఇతడు తెలుగు నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత భాషలకు నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకును, లాటిను గ్రీకులకును గల చుట్టఱికమును మిక్కిలి ముందుగ గుర్తించినవారిలో నొకడు. 1742లో ఇతడు గుడ్డపై రంగులు వ్రాయు పద్ధతిని వివరముగ ఫ్రాన్సుకు లేఖ వ్రాసెను. తాను క్రైస్తవమతమున చేర్చుకొన్న పనివారిని అడిగి దానిని తెలిసికొనెను. ఆ లేఖ చదివిన పరదేశులు మన రహస్యములను కొంత గ్రహించిరనుట నిజమే. కాని ఆ లేఖయే లేకున్న నాటి పనిని గూర్చి నేడు మనకు తెలిసినది మిక్కిలి కొంచెముగ నుండెడిది.

పని జరుగు విధము

నేటి చిత్రకారులు ఒకే పటములో రంగు, కాగితము, దారము, లోహము మొదలగు పలు వస్తువులను కలిపి వాడుటను మిశ్రమ మాధ్యమ మందురు. ఆ పేరు క్రొత్తది, పని ప్రాతది. జీవవృక్షమునకు కావలసిన సామగ్రిని చూడుడు: నూలుగుడ్డ, గేదెపాలు, కరక్కాయ, తుప్పుపట్టిన ఇనుము, బెల్లము, పటిక, చిరివేరు, నీలిమందు, మైనము, పశువుల పేడ, వీటికితోడు పాఱునీరు, ఎండ. ఇందు ప్రకృతినుండి రానిది మిక్కిలి అరుదు. చిత్రములో చెట్టున్నది, చిత్రించు రంగులోను చెట్టే యున్నది.

మొదట మగ్గమునుండి వచ్చిన గుడ్డను ఉతికి గంజి పోగొట్టుదురు. పిమ్మట కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరవేయుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొనుటకు వచ్చును. పాలలోని వెన్న రంగు ప్రక్కలకు ప్రాకకుండ ఆపును. పాలు లేనిచో కలముతో గీచిన గీత ఒత్తుకాగితముపై పడిన సిరావలె వ్యాపించును. ఆరిన గుడ్డను చెక్కపై పరచి కొట్టి నునుపు చేయుదురు.

ఇప్పుడు నమూనాకాగితముపై గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, దానిని గుడ్డపై పరచి, బొగ్గుపొడిని అద్దుదురు. చుక్కలు చుక్కలుగ చెట్టు గుడ్డపైకి దిగును. ఆ చుక్కలను కలిపి గీయు సాధనమే కలము. వెదురుపుల్ల మొన చెక్కి, దానికి కొంచెము పైగ ఉన్నినిగాని వెండ్రుకలనుగాని ఉండగ చుట్టి, దారముతో బిగింతురు. ఆ ఉండ రంగును పీల్చుకొనును. వ్రేళ్ళతో నొక్కిన కొలది మొనకు దిగును. కలంకారీ యను పేరు ఈ కలమునుండి వచ్చినదే.

నల్లగీతకు వాడు ద్రవమును శ్రీకాళహస్తిలో కసిమి యందురు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి రెండు మూడు వారములు కుండలో ఊరనిత్తురు. అట్లూరిన నీరు కుండలో నున్నప్పుడు అంత నల్లన కాదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినంతనే నల్లబడును. ఇనుమును, కరక్కాయలోని వగరును కలియుటచే ఆ నలుపు పుట్టుచున్నది. మన తాతలు కరక్కాయను, అన్నభేదిని కలిపి కాచుకొన్న సిరా సూత్రమును ఇదియే. విద్యార్థులు దీనిని ఇంట పరీక్షించి చూడవచ్చును. పెద్దల యెదుట కొన్ని తుప్పుమేకులను బెల్లపునీటిలో కొన్ని దినములు నానవేసి, ఆ నీటిని కరక్కాయ నీటిలో ఒక చుక్క వేయుడు. కలిగిన మార్పును చూచి నోటుపుస్తకములో వ్రాసికొనుడు.

ఎఱుపు పని ఇంతకంటె వింతయైనది. చిత్రకారుడు ఎఱుపు రావలసిన చోటులలో ఎఱుపును వ్రాయడు, పటికనీటిని వ్రాయును. దానికి రంగు లేదు. వ్రాసినచోటు తెలియుటకు అందు కొంచెము రంగును కలుపుకొనుటయు కలదు. పటిక పెట్టిన గుడ్డను వెంటనే నీటిలో వేయరాదు. అది ఆరి, నూలుపోగులలో పటిక నాటుకొనువరకు కదలింపక ఉంచవలెను. ఆమీద పాఱునీటిలో ఉతుకుదురు. నిలువనీరు పనికిరాదు, మిగిలిన పటిక నీటిలోనే నిలిచి తెల్లనినేలకు అంటుకొనును. కనుకనే శ్రీకాళహస్తి పనివారికి స్వర్ణముఖి ప్రవాహము అంత ముఖ్యమైనది. అటుపిమ్మట చిరివేరు వేసిన కాగులో గుడ్డను ఉడికింపగా పటిక యున్నచోట ఎఱుపు పట్టును. లేనిచోట గట్టిగ పట్టదు. చిరివేరును తమిళులు సాయవేరందురు. అది సముద్రతీరపు ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క వేరు. గవ్వలు, గుల్లలు కలిసిన కృష్ణాతీరపు ఇసుకలో పెరిగిన వేరు మిక్కిలి మేలైన ఎఱుపు నిచ్చునని ప్రసిద్ధి. ఆ నేలలోని సున్నపు పాలు దానికి కారణము.

చిరివేరు కాగులోనుండి వచ్చిన గుడ్డనేల తెల్లగ నుండదు. కొంచెము ఎఱ్ఱబారి యుండును. దానిని పేడనీటిలో నానవేసి, ఎండలో పరచి, తడుపుచు, మరల ఆరబెట్టుచు దినములు గడుపుదురు. అప్పుడు నేల తెల్లబడును. పటిక పట్టిన ఎఱుపు మాత్రము చెక్కుచెదరదు.

నీలమునకు దారి వేరు. నీలము రావలసినచోటు విడిచి తక్కిన గుడ్డనంతటిని మైనముతో కప్పి, నీలిమందు కుండలో ముంచుదురు. కుండనుండి తీయునపుడు గుడ్డ పచ్చగ కనబడును; గాలి తగిలిన కొలది చూచుచుండగనే నీలముగ మారును. ఇచ్చట చిత్రకారుడు చేయవలసిన పని యేమియు లేదు. గాలి పని చేయువరకు వేచియుండుటయే. పిమ్మట మరుగునీటిలో వేసి మైనమును కరగించుదురు. ఆకుపచ్చ కావలసినచోట నీలముపై పసుపుపచ్చని రంగును కలముతో పూయుదురు.

ఈ పనిలో దశలు 17 అని కొందరు, 23 అని కొందరు లెక్కింతురు. లెక్క ఎట్లున్నను ఒక్క విషయము స్పష్టము. ఉతుకుట, వ్రాయుట, ఉడికించుట అను ప్రతి పనికి పిమ్మట ఆరుట, నానుట, ఊరుట అను విరామము కలదు. కసిమి కుండలో ఊరును. పటిక గుడ్డలో నాటుకొనును. నేల ఎండలో తెల్లబడును. నీలము గాలిలో తేరును. చిత్రకారుని చేయి ఆగినప్పుడెల్ల ప్రకృతి చేయి సాగుచున్నది. తొందరపడి ఒక్క విరామమును తగ్గించినచో రంగు నిలువదు. మొదటి ఉతుకులోనే పోవును. విరామము పనికి ఆటంకము కాదు, పనిలో ఒక దశ. పడకపై పరచు చెట్టు ఈ విధముగ తానే పలుమారులు విశ్రమించి పూచినదని తెలిసినపుడు ఆ చిత్రమునకు అర్థము రెట్టింపగుచున్నది.

నీలమైన ఆకులు

ఇట్లు పూచిన చెట్టు పడమటి దేశములను మోహింపజేసినది. అచ్చటి గుడ్డల రంగులు ఉతికిన పోవుచుండగా మన రంగులు ఉతికిన కొలది తేటపడెను. దానితో అచ్చటి పట్టు, ఉన్ని నేతగాండ్రకు జీవనము చెడినది. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759వరకు ఆ నిషేధమును నడిపినది. ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, 1720లోను వీటికి విరోధముగ శాసనములు చేసినది. ఒక చెట్టుబొమ్మకు భయపడి రెండు రాజ్యములు చట్టములు చేయవలసి వచ్చెనన్నచో ఆ పనివారి నేర్పు ఎంతటిదో ఊహింపవచ్చును.

అయినను అన్ని రంగులును ఒక్కవిధముగ నిలువలేదు. మ్యూజియములలోని ప్రాతగుడ్డలను చూచిన వారికి ఒక సందేహము కలుగును. చెట్టు చక్కగనే యున్నది. పూలు ఎఱ్ఱగనే యున్నవి. ఆకులు మాత్రము నీలముగ నున్నవేమి? చిత్రకారుడు నీలపుటాకులను వ్రాయలేదు. నీలముపై పసుపుపచ్చని పూసి ఆకుపచ్చ చేసెను. చిరివేరు ఎఱుపువలెను, నీలిమందువలెను గుడ్డలో నాటుకొనని ఆ పైపూత రెండు మూడు వందల యేండ్ల వెలుతురులో వెలిసిపోయినది. నీలము మాత్రము మిగిలినది. పోగులోపలికి పోయినది నిలిచినది, పైపైన పూసినది పోయినది. ఈ చిన్న నిజము విద్యార్థులకు వేరుగ వివరింప నక్కరలేదు.

విశ్రాంతియు విస్మృతియు

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ పనికి దుర్దశ పట్టినది. ఇంగ్లండు మిల్లుల అచ్చుగుడ్డలు చౌకగ వచ్చి పడెను. 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్ అను ఎఱుపును ప్రయోగశాలలో కృత్రిమముగ చేసిరి. చిరివేరులోను ఎఱుపు నిచ్చు ముఖ్యపదార్థ మదియే. వేరు త్రవ్వువారికి, ఎండబెట్టువారికి, అమ్మువారికి పని తగ్గిపోయినది. నేడు చిరివేరు పేరు విన్నవారే అరుదు. చాలచోట్ల దానికి బదులు మంజిష్ఠనుగాని అలిజరిన్‌నుగాని వాడుచున్నారు.

విశ్రాంతికిని విస్మృతికిని భేద మిచ్చట గ్రహింపవలెను. రెండును పైకి ఒక్కతీరుననే కనబడును. రెండింటియందును పని ఆగియుండును. విశ్రాంతిలో పని తెలిసినవాడు ఒక్కడైనను మిగిలి యుండును. వాడును పోయినచో అది విస్మృతి. శ్రీకాళహస్తి పని అదృష్టవశమున మొదటి దశలోనే నిలిచినది. అఖిల భారత హస్తకళల బోర్డుకు అధ్యక్షురాలుగ నుండిన కమలాదేవి చట్టోపాధ్యాయ గారి పూనికతో 1957లో అచ్చట కలంకారీ శిక్షణకేంద్రము ఏర్పడినది. పని నెఱిగిన జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు పిల్లలకు నేర్పిరి. ఆ కుటుంబమునకే చెందిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుదము లభించినది. శ్రీకాళహస్తిలో రామాయణ భారత కథలు ప్రధానము, కలముతోనే వ్రాయుదురు. మచిలీపట్టణమునందును, దాని చెంతనున్న పెడనయందును చెక్క అచ్చులతో అద్దుదురు. నేడు రెండుచోట్లను జీవవృక్షము మరల పూచుచున్నది. మన పట్టణమున తిరువాన్మియూరునందలి కళాక్షేత్రమునను కలంకారీ పనికి చోటు దొరకినది. చింతాద్రిపేటలో ఆగిపోయిన కలము ఈ విధముగ చెన్నపట్టణమునకు మరల వచ్చినదని చెప్పవచ్చును.

ఇందుచేత భయము తీరినదని తలపరాదు. ఏరులలో నీరు తగ్గిన కొలది ఉతుకుపని కష్టమగుచున్నది. యంత్రముపై అచ్చొత్తిన నకలుగుడ్డ కలంకారీ యను పేరుననే అంగడిలో చౌకగ దొరకుచున్నది. దానికి నానుట లేదు, ఊరుట లేదు, ఆరుట లేదు. కొనువారు భేద మెఱుగనిచో నిజమైన పనివాడు నిలువజాలడు.

మనకు దీనితో నేమి?

ఈ చెట్టును గూర్చి మన పత్రికలో వ్రాయుటకు రెండు కారణము లున్నవి.

ఒకటి తలిదండ్రులతో చెప్పవలసినది. పిల్లలు బడినుండి వచ్చి పుస్తకముల సంచి దింపకమునుపే ట్యూషనుకు పోవుట నేడు సాధారణమైనది. సెలవులలోను తరగతులే. ఒక్క గంట ఊరకున్నచో వెనుకబడిపోవుదురని మీకు భయము. ఆ భయము ప్రేమనుండి పుట్టినదే కాని వేరు కాదు. కాని పటిక పెట్టిన గుడ్డను ఆరకమునుపే నీటిలో వేసినచో ఏమగునో పైన చూచితిమి. పగలు విన్న పాఠము పిల్లవాని మనస్సున నాటుకొనుటకు రాత్రి నిద్ర అవసరమని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. పెరటిలో చెట్టు లేకున్నను, మిద్దెపై కుండీలో తులసిమొక్క చెంత అరగంట ఊరక కూర్చున్న పిల్లవాడు కాలము వ్యర్థపరచుచున్నాడని తలపకుడు. అతడు ఆరుచున్నాడు. రంగు పట్టుచున్నది.

రెండవది విద్యార్థులతో చెప్పవలసినది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, పై చదువులలో ఆంగ్లము. ఇన్ని భాషల నడుమ మన భాష ఏమగునోయని మనలో కొందరికి దిగులు. ఈ చెట్టు పేరులనే చూడుడు. పలంగుపోషు, కలంకారీ యను మాటలకు మూలము పారశీకము, సాయవేరు తమిళము, పలంపోర్ ఆంగ్లేయుల నోట నలిగినది, కరక్కాయ, కసిమి, చిరివేరు, అద్దకము మనవి. ఇన్ని మాటలు తెలిసినవానికే ఈ పని పూర్తిగ తెలియును. మరొక భాష నేర్చుటచే మన భాష వెలియదు. పైపూతగ నున్న భాష మాత్రమే వెలిసిపోవును. ఇంట మాటలాడి, బడిలో చదివి, చేతితో వ్రాసినది పోగులోనికి పోవును, అది నిలుచును. కొన్ని కుటుంబములలో తెలుగు ఒక తరము మాట మాత్రమై, చదువు లేక ఆగియున్నది. అది విశ్రాంతియా, విస్మృతియా యనునది ఇంటిలో తెలిసినవారు మిగిలి యున్నారా, వారిని అడుగువారు ఉన్నారా యనుదానిపై ఆధారపడి యుండును.

కావున మీ యింట అవ్వగాని తాతగాని యున్నచో, నేడే వారిచెంత కూర్చుండి, వారి చిన్ననాట గుడ్డలకు రంగులు వేయుటకు, వంటకు, వ్యవసాయమునకు వాడిన తెలుగుమాటలలో మీకు తెలియనివి పది అడిగి వ్రాసికొనుడు. వారికి కొంత పొద్దుపోవును. మీకు కొన్ని మాటలు దొరకును. ఆ రాత్రి సుఖముగ నిద్రింపుడు. తెల్లవారి లేచి చూచునప్పటికి ఆ పదిటిలో ఎన్ని మీకు గుర్తున్నవో లెక్కింపుడు. నిలిచినన్ని మాటలు పోగులో నాటుకొన్నట్లే.